మా ఊరికి మేనేజర్ కావలెను!

‘కావలెను: సముద్రం ఒడ్డునున్న చిన్న ఊరిని నడపడానికి అనుభవం ఉన్న మేనేజర్. చెత్త ఎత్తించడం నుంచి బడ్జెట్ లెక్కలు కట్టడం దాకా అన్నీ తెలిసుండాలి. వేసవిలో వచ్చిపడే పర్యాటకుల్నీ ఆ వెనకే వచ్చే తుపాన్లనీ ఒకే ఓపికతో భరించాలి. ఏడుగురు యజమానులుంటారు. ఏడుగురి మాటా వినాలి. అవసరమైతే ఏడుగురికీ కుదరదని చెప్పగలగాలి. జీతం, ఇంటి వసతి... మాట్లాడుకుందాం!’

అచ్చంగా ఇవే మాటలు కాకపోవచ్చు కానీ, కాస్త అటూ ఇటూగా ఇదే అర్థం వచ్చే ప్రకటనలు అమెరికాలో ఏడాది పొడవునా వెలువడుతూనే ఉంటాయి. హోటల్‌కి మేనేజర్ ఉంటాడు, బ్యాంకుకి ఉంటాడు... ఊరికి మేనేజరేమిటి అనిపిస్తుంది మనకి. అక్కడ వేలాది పట్టణాల్ని నడుపుతున్నది ఆ మేనేజర్లే. జనం ఓట్లేసి కౌన్సిల్‌ని ఎన్నుకుంటారు. ఊరికేం కావాలో కౌన్సిల్ తేలుస్తుంది. ఆ పని చేసిపెట్టడానికి ఆ రంగంలో చదువూ అనుభవమూ ఉన్న ఒకరిని జీతానికి తెచ్చుకుంటుంది. పోలీసు చీఫ్ దగ్గర్నుంచి పార్కులో మాలి వరకూ అందరూ ఆయన కిందే. లేదా ఆమె కిందే.

మన మున్సిపల్ కమిషనర్ లాంటివారే కదా అంటారా? పని చూస్తే దాదాపు అంతే. వచ్చే దారే వేరు. మన ఊరికి కొత్త కమిషనర్ ఎవరో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ఉత్తర్వుతో తెలుస్తుంది. ఊళ్లోవాళ్లు, ఆఖరికి ఛైర్‌పర్సన్ కూడా, ఆ పేరు విన్నాకే అభినందన పూలగుత్తి సిద్ధం చేసుకోవాలి. అక్కడ అలా కాదు. ఆ ఊరే ప్రకటన ఇచ్చుకుంటుంది. ఊరే ఇంటర్వ్యూ చేస్తుంది. నచ్చితే ఒప్పందం రాసుకుంటుంది. నచ్చకపోతే అదే కౌన్సిల్ ఓటేసి పంపించేస్తుంది. రాష్ట్ర రాజధానికి దీంతో సంబంధమే ఉండదు.

వినడానికి బాగానే ఉంది కానీ, ఇది పెళ్లిసంబంధం చూడటంకన్నా కష్టమైన వ్యవహారం. అందులోనూ సముద్రం పక్కనున్న ఊరికి!

ఉప్పెన తెచ్చిన మార్పు

అసలు ఈ పద్ధతి మూలాలు వెతుక్కుంటూ వెళ్తే తేలేది కూడా సముద్రం ఒడ్డునే. టెక్సాస్ రాష్ట్రంలో గాల్వెస్టన్ అని ఓ దీవి పట్టణం ఉంది. 1900 నాటికి అది పత్తి ఎగుమతులతో కళకళలాడే రేవు. జనాభా దాదాపు 38 వేలు. ఊరు మొత్తంలో ఎత్తైన చోటు కూడా సముద్రమట్టానికి తొమ్మిది అడుగులు ఉండేది కాదు. ఆ ఏడాది సెప్టెంబరు 8న వచ్చిన తుపానులో 15 అడుగులకు మించి నీళ్లు లేచాయి. దివిసీమ ఉప్పెన పేరు చెబితే ఇప్పటికీ ఒళ్లు జలదరించే తెలుగువాళ్లకి ఆ రాత్రిని వర్ణించి చెప్పక్కర్లేదు. తక్కువలో తక్కువ ఆరువేలమంది పోయారు. అమెరికా చరిత్రలో అంతమందిని బలి తీసుకున్న ప్రకృతి విపత్తు మరొకటి లేదు.

తెల్లవారేసరికి ఊరు లేదు. దాన్ని మళ్లీ నిలబెట్టడానికి అప్పటిదాకా ఉన్న మేయరూ వార్డు సభ్యుల పద్ధతి చాలదని ఊరి వ్యాపారులు తీర్మానించుకున్నారు. 1901లో అయిదుగురు కమిషనర్లతో కొత్త పాలన మొదలుపెట్టారు. ఒకరికి డబ్బు, ఒకరికి నీళ్లు, ఒకరికి రోడ్లు... ఇలా పంచుకున్నారు. ఆ తరువాత పదేళ్లలో గాల్వెస్టన్ చేసిన పని ఇప్పటికీ ఇంజినీర్లు కథలు కథలుగా చెప్పుకొంటారు. సముద్రానికి అడ్డంగా 17 అడుగుల గోడ కట్టారు. అంతటితో ఆగలేదు. ఊరినే పైకెత్తారు! రెండు వేలకుపైగా కట్టడాల్ని జాకీలతో లేపి, కిందికి ఇసుకనీళ్లు పంపుచేసి నింపారు. మూడువేల టన్నుల బరువున్న సెయింట్ పాట్రిక్ చర్చిని 700 జాకీలు పెట్టి ఎత్తారు. ఆ రోజుల్లో జనం కాళ్లకింద నేల లేదు, చెక్క పలకల వంతెనల మీదే బజారుకి వెళ్లొచ్చేవారు.

గోడ ఎలా కట్టాలో చెప్పిన ముగ్గురు ఇంజినీర్ల బృందానికి పెద్ద హెన్రీ రాబర్ట్ అనే సైనిక ఇంజినీరు. సమావేశాలు ఎలా జరపాలి, తీర్మానం ఎలా పెట్టాలి, ఓటు ఎప్పుడు అడగాలి అనే నియమాల పుస్తకాన్ని 1876లో తెచ్చిన రాబర్ట్ కూడా ఈయనే. అమెరికాలో ఎన్నో కౌన్సిళ్లు ఇప్పటికీ ఆ పుస్తకం ప్రకారమే సమావేశాలు జరుపుకుంటాయి. మేనేజర్ని పెట్టుకోవాలన్నా తీసేయాలన్నా ఆ నియమాలే.

అయితే అయిదుగురి పాలనలో ఓ లోపం తొందరగానే బయటపడింది. ఎవరి శాఖ వాళ్లది. అందరినీ కలిపి చూసేవాళ్లు లేరు. రోడ్డు వేసినాయన వెళ్లగానే పైపులాయన వచ్చి తవ్వేస్తాడన్నమాట (ఈ బాధ మనకి కొత్తేమీ కాదు). పైగా వార్డుకొకరు కాకుండా ఊరంతా కలిసి ఎన్నుకునే పద్ధతి కావడంతో నల్లజాతివాళ్ల పేటలకీ కూలీల పేటలకీ కౌన్సిల్లో గొంతు లేకుండా పోయింది. ఆ కాలపు సంస్కరణల గొప్పలు చెప్పేవాళ్లు ఈ సంగతి ఎత్తరు.

బొంబాయిలో పుట్టిన మొదటి మేనేజర్

ఇదే సమయంలో వర్జీనియాలోని స్టాంటన్ అనే చిన్న ఊరు మరో దారి తొక్కింది. 1908లో కౌన్సిల్ ఒకాయన్ని ‘జనరల్ మేనేజర్’గా జీతానికి పెట్టుకుంది. పేరు చార్లెస్ ఆష్‌బర్నర్. అమెరికాలో మొదటి సిటీ మేనేజర్‌గా ఆయన్నే లెక్కేస్తారు. ఆయన పుట్టింది ఎక్కడనుకున్నారు... మన బొంబాయిలో! తండ్రి బ్రిటిష్ సైన్యంలో అధికారి. చదువు ఐరోపాలో. వృత్తి ఇంజినీరింగ్. ఆయన గురించి ఆ వృత్తిలోవాళ్లు చెప్పుకునే కథ ఒకటుంది. స్టాంటన్‌లో ఓ ఆనకట్ట బాగుచేయడానికి నాలుగువేల డాలర్లవుతుందని గుత్తేదారు లెక్క చెప్పాడట. ఆష్‌బర్నర్ ఆ పనిని 737 డాలర్లలో తేల్చేశాడట. అలాంటివాణ్ని ఏ ఊరు వదులుకుంటుంది!

ఈ రెండు ఊళ్ల ప్రయోగాల్నీ కలిపి ఓ నమూనాగా చేసినవాడు న్యూయార్క్ వ్యాపారి రిచర్డ్ చైల్డ్స్. అప్పటికి ఆయనకి ముప్ఫై ఏళ్లు. కౌన్సిల్ ఉండాలి, దాని కింద ఒకే ఒక్క మేనేజర్ ఉండాలి అని ఊరూరా ప్రచారం చేశాడు. 1912లో దక్షిణ కరోలినాలోని సమ్టర్ దాన్ని ఊరి చట్టంగా రాసుకుంది. మరుసటి ఏడాదే ఒహాయోలో డేటన్ నగరాన్ని వరద ముంచెత్తింది. 300 మందికిపైగా చనిపోయారు. తేరుకున్నాక ఆ నగరం కూడా మేనేజర్ కావాలనుకుంది. ఎవరిని అడిగిందో తెలుసా... పనామా కాలువ తవ్విస్తున్న జార్జ్ గోథల్స్‌ని! ఆయన రానన్నాడు. దాంతో సిన్సినాటి నగర ఇంజినీరు హెన్రీ వెయిట్‌ని తెచ్చుకుని 1914లో పగ్గాలప్పగించారు. డేటన్‌తో ఈ పద్ధతి పేరు దేశమంతా పాకింది. మొదట ఉప్పెన, తరువాత వరద. నీళ్లు ముంచితేగానీ ఊళ్లకి పాలన సంగతి గుర్తుకురాలేదు.

మన బొంబాయి ఆష్‌బర్నర్ ఏమయ్యాడంటారా? స్టాంటన్ నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్, అక్కణ్నుంచి నార్‌ఫోక్ రేవు, ఆ తరువాత దేశం ఆ చివరనున్న స్టాక్‌టన్. ఒక ఊళ్లో పేరు తెచ్చుకోవడం, ఇంకో ఊరు పిలిస్తే పెట్టె సర్దుకోవడం... సిటీ మేనేజర్ల జీవితం ఎలా ఉంటుందో మొదటివాడే చూపించేశాడు. 1914లో మేనేజర్లంతా కలిసి సంఘం పెట్టుకుంటే దానికి తొలి అధ్యక్షుడూ ఆయనే. పదేళ్లకి ఆ సంఘం ఓ నియమావళి రాసుకుంది. రాజకీయాల్లో వేలుపెట్టకూడదన్నది అందులో ముఖ్యమైన మాట. వెళ్లిన ఊళ్లో కనీసం రెండేళ్లయినా ఉండాలని కూడా సంఘం తన సభ్యులకి చెబుతూ వచ్చింది.

వెతుకులాట ఇలా...

మేనేజర్ రిటైరయ్యారనో, ఇంకో ఊరికి వెళ్లిపోయారనో, కౌన్సిల్ పంపించేసిందనో తెలియగానే మొదటి పని తాత్కాలికంగా ఒకరిని కూర్చోబెట్టడం. తరచూ ఆ పనికి రిటైరైన మేనేజర్లే వస్తుంటారు. పింఛను తీసుకుంటున్నవాళ్లు ఇలా ఎంతకాలమైనా పనిచేయడానికి వీల్లేదు. ఉదాహరణకి కాలిఫోర్నియాలో ప్రభుత్వ పింఛనుదారులకి ఏడాదికి 960 గంటలే పరిమితి. అంటే గడియారం తిరుగుతూనే ఉంటుంది, ఈలోగా అసలు మనిషిని వెతికి పట్టుకోవాలి.

చిన్న ఊరికి ఇదంతా సొంతంగా చేసుకునే శక్తి ఉండదు. అందుకే పట్టణాలకి అధికారుల్ని వెతికిపెట్టడమే వృత్తిగా ఉన్న సంస్థల్ని పిలుస్తారు. ఆ సంస్థవాళ్లు వచ్చీరాగానే దరఖాస్తులు పిలవరు. ముందు ఊళ్లోవాళ్లని కూర్చోబెట్టి ‘మీకు ఎలాంటి మనిషి కావాలి?’ అనడుగుతారు. అసలు పేచీ ఇక్కడే మొదలవుతుంది.

సముద్రతీరపు ఊరంటే నిజానికి ఒక ఊరు కాదు, నాలుగైదు ఊళ్లు. పుట్టినప్పట్నుంచీ అక్కడే ఉంటూ పడవలమీద బతికేవాళ్లు ఒకరు. ఉద్యోగాలైపోయాక సముద్రపు గాలికోసం వచ్చి స్థిరపడ్డ పెద్దవాళ్లు ఇంకొకరు. హోటళ్లూ దుకాణాలవాళ్లు మరొకరు. వేసవిలో నెలరోజులు ఉండివెళ్లే రెండో ఇంటి యజమానులు ఇంకా వేరు. వీళ్లకి ఓటు ఉండకపోవచ్చు, పన్ను మాత్రం కడతారు. పర్యాటకులు ఇంకా రావాలంటారు హోటళ్లవాళ్లు. వచ్చినవాళ్లు చాలంటారు పెద్దవాళ్లు. ఇళ్లని రోజువారీ అద్దెకి ఇచ్చుకుంటామంటారు కొందరు. అలా చేసే మా పిల్లలకి అద్దె ఇల్లు దొరకకుండా చేశారంటారు మిగిలినవాళ్లు. అందరి కోరికలూ కలిపి రాస్తే అలాంటి మనిషి భూమ్మీద దొరకడు. నియామక సంస్థ ఆ చిట్టాలోంచి ఓ పది మాటలు ఏరి అందమైన బ్రోచర్ వేస్తుంది. సూర్యాస్తమయం ఫొటో తప్పకుండా ఉంటుంది!

దరఖాస్తులు వస్తాయి. పొరుగు పట్టణాల సహాయ మేనేజర్లు, పెద్ద నగరాల శాఖాధిపతులు, సైన్యం నుంచి రిటైరైనవాళ్లు, ఇదివరకే మూడు నాలుగు ఊళ్లు నడిపినవాళ్లు. వాళ్ల పేర్లు బయటపెట్టాలా వద్దా అన్నది రాష్ట్రాన్నిబట్టి ఉంటుంది. ఫ్లోరిడాలో ప్రభుత్వ కాగితమేదైనా జనం చూడొచ్చు. దరఖాస్తు పెట్టిన మర్నాడే పేరు పత్రికలో వచ్చే అవకాశం ఉంది. అంటే ఇప్పుడు పనిచేస్తున్న ఊళ్లో కౌన్సిల్‌వాళ్లకి ‘ఓహో, మమ్మల్ని వదిలి వెళ్లాలని చూస్తున్నారా’ అని తెలిసిపోతుంది. ఆ భయంతో మంచివాళ్లు కొందరు దరఖాస్తే పెట్టరు. కాలిఫోర్నియాలో చివరి దాకా గుట్టుగానే నడుస్తుంది. అక్కడ జనానికి ఇంకో అనుమానం... తలుపులేసుకుని ఎవరిని ఎంచుతున్నారో అని. ఏ పద్ధతి మంచిదన్న వాదన ఇప్పటికీ తెగలేదు.

వడపోత తరువాత ముగ్గురో అయిదుగురో మిగులుతారు. వాళ్లని ఊరికి పిలుస్తారు. ఒకరోజు మొత్తం ఇంటర్వ్యూలే. ఓ గదిలో కౌన్సిల్, ఓ గదిలో పోలీసు, అగ్నిమాపక, నీటి శాఖల పెద్దలు, ఇంకో గదిలో ఊళ్లోంచి ఎంచుకున్న మామూలు మనుషులు. సాయంత్రం లైబ్రరీలోనో కమ్యూనిటీ హాల్లోనో కాఫీ, బిస్కెట్లతో ‘మీట్ అండ్ గ్రీట్’. అక్కడికి ఎవరైనా రావచ్చు. ఏమైనా అడగొచ్చు. మురుగునీటి పైపుల వయసెంతో తెలుసా, పోయినచోట జీతాలు పెంచారా, బీచ్‌లో కుక్కల్ని తిరగనిస్తారా... ప్రశ్నలకి అంతుండదు. నవ్వులాటగా కనిపించినా అది పెద్ద పరీక్షే. ఆ గంటన్నరలో అభ్యర్థి ఎవరితో నిలబడి మాట్లాడుతున్నాడో, ఎవరిని తప్పించుకుంటున్నాడో ఊరంతా చూస్తుంటుంది. వెళ్లేటప్పుడు కార్డుమీద తమ అభిప్రాయం రాసి డబ్బాలో వేసే ఏర్పాటు కూడా చాలాచోట్ల ఉంటుంది.

అభ్యర్థులేమీ తక్కువవాళ్లు కాదు. వాళ్లూ ఊరిని ఇంటర్వ్యూ చేస్తుంటారు. పాత కౌన్సిల్ సమావేశాల వీడియోలు చూసి వస్తారు. గత అయిదేళ్లలో ఎందరు మేనేజర్లు మారారో లెక్కేస్తారు. ఎక్కువమంది మారిన ఊరంటే వాళ్లకి భయం. చివరి ఓటింగ్‌లో ఏడుగురూ కలిసి అవునంటే వస్తారు. నాలుగు-మూడుగా చీలితే ‘వచ్చే ఎన్నికల్లో ఒకరు ఓడితే నా పని అంతే’ అనుకుని తప్పుకునేవాళ్లున్నారు. ఆఖరి నిమిషంలో అభ్యర్థి విరమించుకుంటే వెతుకులాట మళ్లీ మొదటికి!

అంతా కుదిరితే ఒప్పందం. అందులో రెండు మూడు షరతులు చూడదగ్గవి. మేనేజర్ని ఎప్పుడైనా తీసేయొచ్చు, కానీ కారణం లేకుండా తీసేస్తే ఇన్ని నెలల జీతం చేతిలో పెట్టాలి. ఈ డబ్బుకి కాలిఫోర్నియా చట్టం పెట్టిన గరిష్ఠ హద్దు 18 నెలల జీతం. ఫ్లోరిడాలో అయితే 20 వారాలే. కొన్ని ఊళ్లలో ఎన్నికలైన 90 రోజులదాకా మేనేజర్ని తొలగించకూడదన్న నిబంధన ఉంది. కొత్తగా గెలిచినవాళ్లు ఆవేశంలో ఉంటారు కదా, కాస్త చల్లబడనివ్వండి అని. ఇంకొకటి ఊరి చట్టంలోనే ఉంటుంది. కౌన్సిల్ సభ్యులెవరూ మేనేజర్ని దాటి నేరుగా సిబ్బందికి ఆజ్ఞలు ఇవ్వకూడదు. మా వీధి లైటు వెలిగించు అని ఎలక్ట్రీషియన్‌కి కౌన్సిలర్ ఫోన్ చేయకూడదన్నమాట. మన దగ్గర ఇలాంటి నిబంధన పెడితే ఎన్ని ఫోన్లు మూగబోతాయో!

జీతం సరే... ఇల్లేదీ?

కాలిఫోర్నియా తీరంలో కార్మెల్-బై-ద-సీ అని మూడువేలమంది ఉండే ఊరుంది. 1986 నుంచి 1988 దాకా హాలీవుడ్ నటుడు క్లింట్ ఈస్ట్‌వుడ్ ఆ ఊరికి మేయరు. మేయరుగా ఆయన జీతం నెలకి 200 డాలర్లు. ఊరిని రోజువారీ నడిపేది పూర్తికాలపు జీతం తీసుకునే సిటీ అడ్మినిస్ట్రేటర్. పేరే తేడా, ఉద్యోగం దాదాపు ఇదే. ఏళ్లతరబడి ఇళ్లకి డోర్ నంబర్లు లేకుండానే గడిపేయడం ఆ ఊరి వింత. నంబర్లు ఇవ్వాలని 2024లో కౌన్సిల్ నిర్ణయిస్తే దానిమీద కూడా పెద్ద చర్చే నడిచింది. అలాంటి ఊరిని నడపాలంటే బడ్జెట్ తెలిస్తే చాలదు, మనుషుల ముచ్చట్లు కూడా తెలియాలి.

అంత అందమైన ఊళ్లతో వచ్చే ఇబ్బంది ఒకటే. ఇళ్ల ధరలు మేనేజర్ జీతానికి అందవు! ఊళ్లోనే కాపురముండాలని షరతు పెట్టేదీ ఊరే, అక్కడ ఇల్లు కొనలేని జీతం ఇచ్చేదీ ఊరే. అందుకే ఇంటి అద్దె సాయమో, తక్కువ వడ్డీకి అప్పో ఒప్పందంలో చేరుతుంది. లేదంటే అరగంట దూరంలో ఉండటానికి ఒప్పుకుంటారు. తుపాను వచ్చి వంతెన మూసేస్తే మేనేజర్ అవతలి ఒడ్డున ఉండిపోతే ఎలా అని ఎవరో ఒకరు అడగక మానరు.

మరి జీతం ఎంతివ్వాలి? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా అందరికీ గుర్తొచ్చే పేరు బెల్. లాస్ ఏంజెలిస్ పక్కన పేదలు ఎక్కువగా ఉండే చిన్న పట్టణం అది. సముద్రం ఒడ్డున లేదు కానీ, అక్కడ జరిగింది ప్రతి ఊరికీ పాఠమే. 1993లో ఏడాదికి 72 వేల డాలర్లకి చేరిన మేనేజర్ రాబర్ట్ రిజ్జో జీతం 2010 నాటికి దాదాపు ఎనిమిది లక్షల డాలర్లకి చేరింది. అప్పటి అమెరికా అధ్యక్షుడి జీతానికి దాదాపు రెట్టింపు! లాస్ ఏంజెలిస్ టైమ్స్ బయటపెట్టేదాకా ఊళ్లోవాళ్లకి తెలియలేదు. కౌన్సిల్‌వాళ్లు కూడా జీతాలు పెంచుకుని కళ్లు మూసుకున్నారు. ఇదంతా సాగడానికి వీలిచ్చిన ఓ నిబంధన మార్పుమీద 2005లో ఎన్నిక పెడితే 400 మంది కూడా ఓటేయలేదు. 2014లో రిజ్జోకి 12 ఏళ్ల జైలుశిక్ష పడింది. ఆ తరువాత నుంచి మేనేజర్ ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ప్రతి అంకెనీ జనం ముందు చదవడం అలవాటైంది.

ఆ రాత్రి గాల్వెస్టన్‌లో...

ఇన్ని ఇంటర్వ్యూలు చేసి, ఇన్ని కాగితాలు రాసుకుని తెచ్చుకున్న మనిషి సరైనవాడేనా అన్నది మామూలు రోజుల్లో తెలియదు. చెత్తబండి వస్తున్నంతకాలం మేనేజర్ పేరు కూడా ఎవరికీ గుర్తుండదు. గాల్వెస్టన్‌కి తెలిసొచ్చింది 2008 సెప్టెంబరులో.

అప్పటికి ఆ ఊరు పాత అయిదుగురి పాలన వదిలేసి దాదాపు యాభై ఏళ్లు. 1960లోనే కౌన్సిల్-మేనేజర్ పద్ధతికి మారింది. మేయరు, ఆరుగురు సభ్యులు, వాళ్ల కింద మేనేజర్. 80 కిలోమీటర్ల దూరంలోని హ్యూస్టన్‌లో పరిపాలనంతా మేయరు చేతిలోనే ఉంటుంది. దీవిలో మాత్రం ఇదీ పద్ధతి. మేయరు లిడా ఆన్ థామస్. 1900 ఉప్పెన తరువాత ఊరిని నిలబెట్టినవాళ్లలో ఒకరైన ఐజక్ కెంప్నర్‌కి ఆమె మనవరాలు. సిటీ మేనేజర్ స్టీవ్ లెబ్లాంక్.

‘ఐక్’ తుపాను వస్తోందని తెలిసి సెప్టెంబరు 11న ఊరు ఖాళీ చేయమని మేయరు ఆదేశించారు. టెక్సాస్‌లో ఆ అధికారం మేయరుది. బస్సులు, పోలీసులు, నీళ్లు, మందులు... ఆ ఆదేశాన్ని నడిపించాల్సింది మేనేజర్. చెప్పినా వేలమంది కదల్లేదు. 13వ తేదీ తెల్లవారుజామున రెండు గంటలు దాటాక ఐక్ తీరం దాటింది. తాతల నాటి గోడ ఎదురుగా వచ్చిన సముద్రాన్ని ఆపింది. నీళ్లు వెనకనుంచి, ఎవరూ గోడ కట్టని అఖాతం వైపు నుంచి ఊళ్లోకి ఎక్కాయి. మూడొంతుల ఇళ్లు దెబ్బతిన్నాయి. కరెంటు లేదు. తాగునీళ్లు లేవు. మురుగు వ్యవస్థ పనిచేయడం లేదు.

అప్పుడు ఎదురైంది అసలైన ప్రశ్న. వెళ్లినవాళ్లని ఎప్పుడు వెనక్కి రానివ్వాలి? ఇల్లేమైందో చూసుకోవాలని అందరికీ ఉంటుంది. ఊళ్లో ఆసుపత్రి లేదు, నీళ్లు లేవు, వస్తే రోగాలొస్తాయి. నాలుగోరోజున, సెప్టెంబరు 16న, వచ్చి చూసుకుని సాయంత్రానికి వెళ్లిపోండి అంటూ ఓ వెసులుబాటు ఇచ్చారు. అంతే... దీవికి ఉన్న ప్రధాన రహదారి మీద కార్లు మైళ్ల పొడవున బారులు తీరాయి. గంటలకొద్దీ జనం ఎండలో మాడిపోయారు. ఆరోజే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఇంటి దాకా వచ్చి వెనుదిరిగినవాళ్ల కోపం అంతాఇంతా కాదు. మేయరూ మేనేజరూ తప్ప సిబ్బందెవరూ విలేకరులతో మాట్లాడొద్దన్న ఆదేశం కూడా విమర్శలకి దారితీసింది. చివరికి 24న ఊరు తలుపులు తెరిచారు.

ఆ నిర్ణయం తప్పా, ఒప్పా? దూరంగా కూర్చుని చెప్పడం తేలిక. రానివ్వకపోతే కఠినులంటారు, రానిస్తే చేతకానివాళ్లంటారు. ఎటు తిరిగినా తిట్లు తప్పని ఆ రోజున నిర్ణయం తీసుకోవడానికే ఆ కుర్చీలో ఒకరిని కూర్చోబెడతారు.

తుపాను వెళ్లిపోయినా దాని బాకీలు ఏళ్లతరబడి తీరలేదు. 2000లో 57,247 ఉన్న జనాభా 2010కి 47,743కి పడిపోయింది. జనం తగ్గితే పన్నులు తగ్గుతాయి, ఖర్చు మాత్రం తగ్గదు. కేంద్రం నుంచి వచ్చే సాయానికి ప్రతి రసీదూ చూపించాలి. పేదలుండే 569 ప్రభుత్వ ఇళ్లని కూల్చేశాక మళ్లీ కట్టాలా వద్దా అన్నదానిమీద ఊరు రెండుగా చీలిపోయింది. 2012 మేయరు ఎన్నిక ప్రధానంగా ఆ గొడవమీదే జరిగింది. ఈ లోపల మేనేజర్ కుర్చీ కూడా స్థిమితంగా లేదు. 2008 నుంచి 2012 మధ్య నాలుగేళ్లలో ముగ్గురు ఆ కుర్చీలో కూర్చున్నారు. ఒకరు వెళ్లారు. దేశమంతా వెతికి ఇంకొకరిని తెచ్చుకున్నారు. కొత్త కౌన్సిల్ వచ్చాక ఆయన కూడా వెళ్లారు. మూడోసారి కౌన్సిల్ చూపు ఊరి కార్యాలయంలోనే పనిచేస్తున్న సహాయ మేనేజర్ మీద పడింది. ఈ దీవి ఎప్పుడు మునుగుతుందో, ఏ వీధి ముందు మునుగుతుందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

బయటివాళ్లా, లోపలివాళ్లా అన్న వాదన ప్రతి వెతుకులాటలోనూ వస్తుంది. బయటినుంచి వచ్చినవాళ్లకి ఊళ్లో చుట్టాలుండరు, మొహమాటం ఉండదు. గుత్తేదారుకి లెక్క తప్పిందని నిర్మొహమాటంగా చెప్పగలరు. లోపలివాళ్లకి ఊరి నాడి తెలుసు. తుపాను వచ్చిన ఊళ్లు రెండోవాళ్ల వైపు మొగ్గితే తప్పుపట్టలేం.

అట్లాంటిక్ తీరంలోనూ మెక్సికో సింధుశాఖ ఒడ్డునా తుపాన్ల కాలం జూన్ ఒకటిన మొదలై నవంబరు ముప్ఫైన ముగుస్తుంది. మేనేజర్ కోసం వెతుకులాటకి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. అందుకే ఆ తీరంలో మేనేజర్ ఖాళీ చేసిన ఊళ్లు ముందుగా క్యాలెండర్ తీసి వెనక్కి లెక్కపెట్టుకుంటాయి. జూన్ నాటికి కుర్చీలో మనిషి ఉండాలంటే ప్రకటన డిసెంబరులోనే వెళ్లాలి. ఆలస్యమైతే కొత్త మేనేజర్‌కి పరిచయాల విందులేమీ ఉండవు. మొదటిరోజే బల్లమీద పెట్టే ఫైలు, ఊరు ఖాళీ చేయించే ప్రణాళిక.